సూర్యుడు నిలిచాడా, భూమి ఆగిందా? బైబిల్ అద్భుతాలను సైన్సుతో కలిపి చదివేవారికి ఐదు దారుల పోలిక

మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) అయిపోయాక మా సండే స్కూల్ పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లాం. చీకట్లో ఆ గుండ్రటి కప్పు మీద నక్షత్రాలు తిరుగుతుంటే పిల్లలు నోరు తెరిచి చూశారు. తర్వాతి ఆదివారం పాఠం బైబిల్లో యెహోషువ గ్రంథం పదో అధ్యాయం, యుద్ధం మధ్యలో ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ సూర్యుణ్ని ఆగమన్న కథ. "సూర్యుడా, నీవు గిబియోనులో నిలువుము" అని చదవగానే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "ఆంటీ, తిరిగేది భూమి కదా. అది ఒక్కసారి ఆగితే మనమంతా ఎగిరిపోమా?"

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. లెక్క నాకు తెలుసు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడి నేల, దాని మీద మనం, హుస్సేన్ సాగర్ నీళ్లు, అన్నీ గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నాం. గిబియోను 32 డిగ్రీలకు దగ్గర్లో ఉంది కాబట్టి అక్కడ ఆ వేగం 1,400 పైచిలుకు. నేల ఆగినంత మాత్రాన గాలి, నీళ్లు, మనుషులు ఆగరు. అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. అన్నీ తెలిసి కూడా నేను "దేవునికి అసాధ్యమైనది లేదమ్మా" అని పేజీ తిప్పేశాను. ఆ మాటను నేను నమ్ముతాను. కానీ ఆ పిల్ల దేవుని శక్తి గురించి అడగలేదు. భూమి గురించి అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే రోజు వరండాలో ఆ అమ్మాయి నాన్నగారు ఫోన్ చూపించారు. "చూడండి సిస్టర్, నాసా కంప్యూటర్లే ఒప్పుకున్నాయి. చరిత్రలో ఒక రోజు తక్కువ వచ్చిందట." ఈ మెసేజ్ మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. యెహోషువ కాలంలో 23 గంటల 20 నిమిషాలు, యూదా రాజు హిజ్కియా కాలంలో నీడ పది మెట్లు వెనక్కి జరిగినందుకు 40 నిమిషాలు, కలిపితే సరిగ్గా ఒక రోజు అని అందులో ఉంటుంది. అలాంటిదేమీ తాము కనిపెట్టలేదని నాసానే చెప్పింది. ఈ లెక్క మూలం 1890లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకంలో ఉంది, అప్పటికి కంప్యూటర్లే లేవు.

అసలు అలా కనిపెట్టడం కుదరదు కూడా. గోడ గడియారం రాత్రి కాసేపు ఆగి మళ్లీ నడిచిందని తెలియాలంటే, పక్కన ఆగని గడియారం ఇంకొకటి ఉండాలి. భూమికి అలాంటి రెండో గడియారం పాత గ్రహణాల రికార్డులు. బాబిలోను, చైనా వాళ్లు రాసిపెట్టిన వాటిలో లెక్కకు పనికొచ్చేవి క్రీ.పూ. 720 ప్రాంతం నుంచి మొదలవుతాయి. మన రోజు వందేళ్లకు దాదాపు 1.8 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతోందని వాటితోనే తేల్చారు. యెహోషువ కాలం అంతకన్నా చాలా వెనకటిది. దానికి సాక్షిగా నిలిచే గడియారం మన దగ్గర లేదు.

ఆ అన్నయ్య మంచివారు. బిడ్డ ప్రశ్నకు జవాబు కావాలి, చేతికి దొరికింది పట్టుకున్నారు. ఆయన కోసం, ఆ అమ్మాయి కోసం, ముందుగా నా కోసం నేను చదివి పోల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బైబిల్ మొత్తానికి ఒకే దారి ఎంచుకోకండి. నేను చాలా ఏళ్లు ఒకే తాళంచెవితో అన్ని తలుపులూ తీయబోయాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎంత చోటులో జరిగింది? నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. కానా పెళ్లిలో ఆరు రాతిబానల్లోని నీళ్లు ద్రాక్షారసం అయ్యాయి. ఆ ఊరి పొలిమేర దాటాక దాని జాడ దొరకకపోయినా ఆశ్చర్యం లేదు. భూభ్రమణం ఆగడం అలాంటిది కాదు. ఈజిప్టు, బాబిలోను, చైనా, మన దేశం, అందరి పగళ్లూ రాత్రుళ్లూ ఒక్కసారే తారుమారవుతాయి. చిన్న చోట జరిగిందన్నదాన్ని సైన్సు ఔననలేదు, కాదనలేదు. లోకమంతా జరిగిందంటే మాత్రం జాడలు వెతకొచ్చు.

వాక్యం ఏ రకంగా మాట్లాడుతోంది? యెహోషువ సూర్యచంద్రులతో అన్న మాటలు పద్యం. అది యాషారు గ్రంథం అనే పాత పుస్తకంలో రాసి ఉందని ఆ అధ్యాయమే చెబుతుంది. పద్యాన్ని పద్యంగా చదవడం విశ్వాసం తగ్గడం కాదు.

సైన్సులో కొలిచింది ఏది, మోడల్ ఏది? భూమి తిరుగుతోందన్నది కొలిచి చూసిన సంగతి. విశ్వం మొదటి క్షణంలో సరిగ్గా ఏం జరిగిందన్నది ఇంకా మోడళ్ల దశలో ఉంది. రెంటినీ ఒకే గట్టిదనంతో పట్టుకుంటే, ఒకటి మారినప్పుడు రెండోదాన్నీ అనుమానిస్తాం.

రేపు ఆ మోడల్ మారితే మీ జవాబు నిలుస్తుందా? దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. చర్చి ఎక్కువసార్లు దెబ్బతిన్నది ఇక్కడే.

## మారుతూ వచ్చిన ఆకాశం

ఆదికాండం మొదటి అధ్యాయంలో మన తెలుగు బైబిల్ "విశాలము" అంటుంది. దేవుడు జలముల మధ్య ఒక విశాలము కలుగజేసి దానికి ఆకాశమని పేరు పెట్టాడు. చదివితే మనకు ఖాళీ చోటు గుర్తొస్తుంది. హీబ్రూలో ఆ చోట ఉన్న మాట 'రాకీయ'. రేకును సాగగొట్టే పనికి వాడే ధాతువు నుంచి వచ్చింది. అప్పటివాళ్ల ఊహలో ఆకాశం గట్టి కప్పు, దాని మీద నీళ్లు. అందుకే జలప్రళయంలో "ఆకాశపు తూములు" విప్పబడ్డాయి. మన ఊళ్లలో చెరువు చూసినవాళ్లెవరికైనా తూము అంటే చెప్పక్కర్లేదు. కట్ట అవతల నీళ్లు నిలిచి ఉండాలి, తూము ఎత్తితే ఇవతలికి రావాలి. అనువాదకులు ఎంత చక్కటి మాట ఎంచుకున్నారో! పైన నిజంగా తూములు ఉన్నాయని ఈ రోజు ఏ పాస్టర్ గారూ చెప్పరు. అంటే అక్షరాలా చదువుతామనేవాళ్లు కూడా ఎక్కడో ఒక చోట ఆగుతున్నారు.

తర్వాత రెండో శతాబ్దంలో ఖగోళవేత్త టాలెమీ మోడల్ వచ్చింది. నడిమధ్య భూమి, చుట్టూ గోళాలు. చర్చి ఆ గ్రీకు మోడల్‌కి అలవాటుపడి, అది బైబిల్ మాటే అనుకునేంత దూరం వెళ్లింది. భూమే సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం 1543లో వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందే, భోజనాల దగ్గర ఆ సంగతి వస్తే, యెహోషువ ఆగమన్నది సూర్యుణ్ని గానీ భూమిని కాదు కదా అని ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ అన్నట్టు ఆయన శిష్యుల రాతల్లో ఉంది. 1615లో గెలీలియో రాసిన ఉత్తరంలో దీనికి ముచ్చటైన జవాబు ఉంది. టాలెమీ లెక్క ప్రకారం సూర్యుని సొంత నడక పడమటి నుంచి తూర్పుకు. రోజూ ఉదయించి అస్తమించేలా తిప్పేది బయటి గోళం. కాబట్టి ఆ మోడల్‌లో సూర్యుని సొంత నడకను ఆపితే పగలు పెరగదు, కాస్త తగ్గుతుంది! టాలెమీని కాపాడటానికి యెహోషువను అడ్డుపెట్టుకున్నవాళ్లకు ఆ వచనం అక్కరకు రాలేదు. అయినా 1633లో గెలీలియోకు శిక్ష పడింది. ఆ వ్యవహారంలో తప్పు జరిగిందని 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఒప్పుకున్నారు.

ఇప్పుడు మనవాళ్లు అదే పని విశ్వానికి ఒక మొదలు ఉందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతంతో చేస్తున్నారు. "దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను, సైన్సు కూడా అదే చెప్పింది" అనే ప్రసంగం సికింద్రాబాద్‌లో నేనే ఎన్నోసార్లు విన్నాను. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే లెక్క కట్టి, 1931లో అంతా ఒక ఆది పరమాణువు నుంచి మొదలైందన్నవాడు జార్జ్ లెమైట్ర. బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదర్. 1951 నవంబరులో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతంలో ఆదికాండపు వెలుగు కనబడుతోందన్నట్టు మాట్లాడితే, సంతోషించాల్సిన లెమైట్ర ఇబ్బంది పడ్డారు. తన మోడల్ మత ప్రశ్నకు బయట ఉంటుందని ఆయన పట్టు. మరుసటి సంవత్సరం రోములో ఖగోళ శాస్త్రవేత్తల సభలో మాట్లాడినప్పుడు పోప్ ఆ పోలిక మళ్లీ తేలేదు.

లెమైట్ర భయం ఎందుకో ఆలోచించండి. అప్పటికి మూడేళ్ల ముందే, 1948లో, విశ్వానికి మొదలే లేదనే స్థిరస్థితి మోడల్ వచ్చింది. ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియదు. 1965లో విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణం దొరికాకే మొగ్గు బిగ్ బ్యాంగ్ వైపు తిరిగింది. మన జయంత్ నార్లికర్ లాంటి పెద్ద శాస్త్రవేత్త ఆ తర్వాత కూడా దాన్ని ప్రశ్నిస్తూనే వచ్చారు. ఇవాళ విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లని కొలతలు చెబుతున్నాయి. ఆ కొలతను నేను ఒప్పుకుంటాను, క్లాసులో చెబుతాను. కానీ ఆదికాండం ఒకటో అధ్యాయాన్ని దానికి కట్టి ఊరేగించను.

## ఒకటో దారి: రాసింది రాసినట్టే, సైన్సే సర్దుకోవాలి

ఈ దారిలో ఉన్నవాళ్లను తేలిగ్గా చూడకండి. మా అమ్మమ్మ ఈ దారిలోనే బతికింది, ఆమె ప్రార్థన మీదే మా ఇల్లు నిలిచింది. వాక్యం మీద గౌరవం, లొంగుబాటు ఈ దారి బలం.

కష్టం ఎక్కడ మొదలవుతుందంటే లెక్కల దగ్గర. 1650లో ఆర్చిబిషప్ అషర్ వంశావళులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. చలికాలంలో, చంద్రుడు లేని రాత్రి, వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్లి చూడండి. ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికి మసక మచ్చలా కనబడుతుంది. ఆ వెలుగు బయల్దేరి దాదాపు 25 లక్షల ఏళ్లయింది. దేవుడు దారి మధ్యలో ఉన్న వెలుగునే సృష్టించాడని కొందరంటారు. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలడం చూశాం, అది 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ జవాబు ప్రకారమైతే ఆ నక్షత్రం ఎప్పుడూ పేలలేదు. పేలినట్టు ఒక దృశ్యాన్ని దేవుడు మనకు పంపాడు. ఈ మాటను నేను మింగలేకపోతున్నాను. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని కీర్తనకారుడు పాడాడు. ఆకాశం అబద్ధం చెబుతుందంటే ఆ కీర్తన ఎలా పాడాలి?

## రెండో దారి: ప్రకృతే పనిముట్టు, సరైన సమయమే అద్భుతం

చదువుకున్న క్రైస్తవులకు ఇది చాలా ఇష్టమైన దారి. నాకూ ఇష్టమే. కొన్ని చోట్ల బైబిలే ఈ దారి చూపిస్తుంది. ఎర్ర సముద్రం దగ్గర యెహోవా రాత్రంతా "బలమైన తూర్పుగాలి" చేత నీళ్లను తొలగించాడని నిర్గమకాండం 14 చెబుతుంది. గాలి అని వాక్యమే అంది. 2010లో కార్ల్ డ్రూస్, వెయిచింగ్ హాన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు నైలు డెల్టా తూర్పు భాగంలోని పాత సరస్సును కంప్యూటర్‌లో మోడల్ చేశారు. గంటకు 100 కిలోమీటర్ల గాలి 12 గంటలు వీస్తే, లోతు తక్కువ ఉన్న చోట నీళ్లు పక్కకు జరిగి దాదాపు 4 గంటలు దారి తెరుచుకుంటుందని వాళ్ల లెక్క. తుఫాను గాలికి సముద్రం వెనక్కి తగ్గడం కోస్తాలో పెరిగినవాళ్లు చూసే ఉంటారు.

యొర్దాను కూడా ఇలాంటిదే. యెహోషువ 3లో నీళ్లు ఆదాము అనే ఊరి దగ్గర రాశిగా నిలిచాయి. ఆ ఊరిని ఇవాళ దామియా అంటారు. 1267లో అక్కడే గట్టు కూలి నదికి అడ్డం పడి, కొన్ని గంటలు నీళ్లు ఆగాయని అరబ్బు చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఈ రెండు అద్భుతాలకూ రెండో దారి చెప్పు కొలతలా సరిపోతుంది. గాలి వీయడం అద్భుతం కాకపోవచ్చు. ఆ రాత్రి, ఆ జనం ఆ ఒడ్డున నిలబడినప్పుడు వీయడం అద్భుతం.

అయితే ఈ దారి రుచి మరిగితే అన్నిటికీ వాడాలనిపిస్తుంది. సిలువ దగ్గర మూడు గంటల చీకటిని సూర్యగ్రహణం అంటారు. మన పంచాంగం చూసే ఏ అవ్వనడిగినా చెబుతుంది, సూర్యగ్రహణం అమావాస్యకే వస్తుంది. యేసు సిలువ పొందిన పస్కా పండుగ పౌర్ణమికి. పైగా సంపూర్ణ గ్రహణం ఎక్కడైనా ఏడున్నర నిమిషాలకు మించదు. 1980 ఫిబ్రవరి 16న మన రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లినప్పుడు ఆ చీకటి కొన్ని నిమిషాలే. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత ఈ పౌర్ణమి సంగతి ఎత్తి, గ్రహణం అనడం కుదరదని తేల్చేశాడు.

యేసు పుట్టినప్పుడు జ్ఞానులు చూసిన బేత్లెహేము నక్షత్రం ఈ దారికి సరిపోవడం, సరిపోకపోవడం మధ్యలో ఇరుక్కుంటుంది. క్రీ.పూ. 7లో గురుడు, శని ఒకే ఏడాదిలో మూడుసార్లు దగ్గరయ్యాయని జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ వెనక్కి లెక్క కట్టాడు. జ్ఞానులు నక్షత్రాలు చదివే తూర్పు దేశస్థులు కాబట్టి ఈ ఊహ అందంగానే ఉంది. కానీ అప్పుడు ఆ రెండు గ్రహాల మధ్య ఎడం దాదాపు ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చంద్రులు పట్టేంత. 2020 డిసెంబరు 21న మేం మిద్దె మీద నుంచి చూసిన కలయికలో అవి అంతకు పది రెట్లు దగ్గరగా ఉన్నాయి, అయినా రెండుగానే కనబడ్డాయి. పైగా ఆ నక్షత్రం ముందు నడిచి, శిశువు ఉన్న చోటికి పైగా నిలిచిందని మత్తయి అంటాడు. ఏ గ్రహమూ ఒక ఇంటి మీద నిలవదు.

ఇక యెహోషువ సూర్యుడు. 2017లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త కాలిన్ హంఫ్రీస్, గ్రేమ్ వాడింగ్టన్ కలిసి అది క్రీ.పూ. 1207 అక్టోబరు 30న వచ్చిన వలయాకార గ్రహణం కావచ్చన్నారు. "నిలువుము" అని మనం చదివే చోట హీబ్రూలో ఉన్న 'దోమ్' అనే మాటకు మౌనంగా ఉండు, ఆగు అనే అర్థాలున్నాయి. సూర్యుణ్ని వెలగడం ఆపమన్నాడని వాళ్ల వాదన. భూమిని ఆపే అవసరం లేకుండా ఇది బాగానే ఉంది. కానీ సూర్యుడు "ఇంచుమించు ఒక నాడెల్ల" అస్తమించడానికి త్వరపడలేదన్న తర్వాతి మాటను గ్రహణం మోయలేదు.

## మూడో దారి: నియమం నిజమే, నియమం పెట్టినవాడికి చేతులున్నాయి

నేను క్లాసులో బంతిని వదిలితే కింద పడుతుంది. మధ్యలో ఒక పిల్లవాడు చెయ్యి పెట్టి పట్టుకుంటే గురుత్వాకర్షణ నియమం తప్పయిపోలేదు. కొత్త చెయ్యి ఒకటి వచ్చింది, అంతే. న్యూటన్ నియమాలు బయటి నుంచి ఏదీ రాకపోతే ఏం జరుగుతుందో చెబుతాయి. బయట ఎవరూ లేరని అవి చెప్పవు. పునరుత్థానాన్ని నమ్మే క్రైస్తవులకు చివరికి ఈ దారి తప్పదు. ఖాళీ సమాధికి గాలి, గ్రహణం పనికిరావు.

ఐదు రొట్టెల అద్భుతాన్ని ఇక్కడే పెట్టాలి. ఒకసారి ఇంటర్ పిల్లలతో లెక్క చేయించాను. ఐదు వేల మందికి పావు కిలో చొప్పున 1,250 కిలోల రొట్టె. అంత పదార్థం శక్తి నుంచి పుట్టాలంటే, ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం, హిరోషిమా బాంబు విడుదల చేసిన శక్తికి పది లక్షల రెట్లు పైనే కావాలి. ఆ పచ్చిక మీద కూర్చున్నవాళ్లు మిగలరు. లెక్క చూశాక పిల్లలకు ఒక సంగతి అర్థమైంది. ఈ అద్భుతాన్ని ఫిజిక్స్‌తో "సాధ్యం" చేయబోతే అది ఇంకా దూరం జరుగుతుంది. దేవుడు ఇచ్చాడని నమ్మాలి, లేదా నమ్మలేకపోతున్నానని చెప్పాలి.

ఈ దారిని భూమి అంత పెద్దదానికి సాగదీస్తే మాత్రం అద్భుతానికి కాపలాగా వంద అద్భుతాలు కావాలి. భూమిని ఆపాలి, గాలిని ఆపాలి, సముద్రాలను పట్టుకోవాలి, మళ్లీ తిప్పాలి, లోకంలో ఎవరికీ జ్ఞాపకం ఉండకూడదు. వాక్యంలో వీటిలో ఒక్కటీ లేదు. వాక్యం చెప్పని వంద అద్భుతాలను నేను కలపడం వాక్యానికి విధేయత అనిపించుకోదు.

చిన్న కణాల నడతను ముందే కచ్చితంగా చెప్పలేమనే క్వాంటం అనిశ్చితిలో దేవుడు పని చేస్తాడనే మాట ఈ మధ్య యవ్వనస్థుల కూడికల్లో బాగా వినబడుతోంది. ఎలక్ట్రాన్ దగ్గరి అనిశ్చితి రాతిబాన అంత పరిమాణానికి వచ్చేసరికి లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది. నేనైతే ఈ దారిలో వెళ్లను.

## నాలుగో దారి: సూచనగా చదవడం

యోహాను సువార్తలో అద్భుతాలను "సూచక క్రియలు" అంటారు. సూచిక చూపించే వైపు చూడాలి. గెలీలియో అదే ఉత్తరంలో ఒక కార్డినల్ మాట గుర్తు చేశాడు: పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పడం పరిశుద్ధాత్మ ఉద్దేశం, ఆకాశం ఎలా నడుస్తుందో నేర్పడం కాదు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే తొలి చర్చి ఆచార్యుడు అగస్టీన్ హెచ్చరించాడు. ఆకాశం, నక్షత్రాల గురించి క్రైస్తవుడు తెలియని మాటలు మాట్లాడి అవి లేఖనాలని చెబితే, తెలిసిన అవిశ్వాసి నవ్వుతాడు, తర్వాత పునరుత్థానం గురించి చెప్పినా నమ్మడు.

ఈ దారిలో నడిచినవాళ్ల గుర్తు మన ఊళ్లోనే ఉంది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పనిని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు పంచుకున్నాయి. అందులో ఒక ముక్క వాటికన్ అబ్జర్వేటరీది, ఇంకో ముక్క మన నిజామియా అబ్జర్వేటరీది. వాటికన్‌లో నలుగురు సిస్టర్లు సంవత్సరాల తరబడి ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాల చోటు కొలిచారు, నాలుగు లక్షలకు పైగా. ఇక్కడ బేగంపేటలో మనవాళ్లు అదే పని చేశారు. ఆ సిస్టర్లు పొద్దున ప్రార్థనలో కీర్తన పాడి, తర్వాత వెళ్లి నక్షత్రాన్ని కొలిచి ఉంటారని ఊహించుకుంటే నాకు ధైర్యం వస్తుంది.

దీని ఇబ్బంది కూడా చెప్పాలి. అన్నీ సూచనలే, ఏదీ జరగలేదు అనే దాకా వెళ్లిపోవచ్చు. క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమని పౌలు కొరింథీయులకు రాశాడు. అక్కడ పౌలు ఉపమానం చెప్పడం లేదు.

## ఐదో దారి: జరగలేదు

1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వేసిన ప్రశ్న ఇది. అద్భుతం జరిగి ఉండటం, చెప్పినవాడు పొరపాటు పడి ఉండటం, ఈ రెంటిలో ఏది ఎక్కువ నమ్మదగింది? ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. హైదరాబాద్‌లో బతికేవాళ్లకు ఇది ఇంకా అవసరం. మన పక్కింట్లో దర్గాకు వెళ్లేవారున్నారు, ఎదురింట్లో గుడికి వెళ్లేవారున్నారు. వాళ్ల అద్భుతాలు వినగానే "ఆధారమేది?" అని అడిగే నేను, నా అద్భుతాలకు అదే కొలత పెట్టాలి. హ్యూమ్ దారిలో ఇబ్బంది ఒకటే. ఎప్పుడూ జరిగే సంగతులనే కొలతగా పెట్టుకుంటే, ఒక్కసారి మాత్రమే జరిగినదాన్ని ఎప్పటికీ ఒప్పుకోలేం, నిజంగా జరిగినా సరే.

## ఒక్కొక్క అద్భుతానికి నేను ఎంచుకున్నది

| అద్భుతం | ఎంత చోటు | నా ఎంపిక | ఎక్కడ గుచ్చుకుంటుంది |
|---|---|---|---|
| ఆరు దినాల సృష్టి | విశ్వమంతా | నాలుగు | వంశావళులు |
| ఎర్ర సముద్రం | ఒక తీరం | రెండు | "గోడవలె" నిలిచిన నీళ్లు |
| యొర్దాను ఆగడం | నదిలో ఒక మలుపు | రెండు | పెద్దగా లేదు |
| యెహోషువ సూర్యుడు | లోకమంతా, అక్షరాలా చదివితే | నాలుగు | "ఒక నాడెల్ల" |
| హిజ్కియా నీడ | రాజుగారి మెట్లు | ఇంకా తేలలేదు | చివర చూడండి |
| బేత్లెహేము నక్షత్రం | ఆకాశం, ఒక ఇల్లు | రెండు, నాలుగు మధ్య | "పైగా నిలిచెను" |
| ఐదు రొట్టెలు | ఒక పచ్చిక బయలు | మూడు | కొలవడానికి ఏమీ మిగల్లేదు |
| పునరుత్థానం | ఒక సమాధి | మూడు | హ్యూమ్ ప్రశ్న |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇంజినీరింగ్ చదివే యవ్వనస్థులకు రెండో దారి మీద మోజు ఎక్కువ. రెండో దారితో మొదలుపెట్టండి, కానీ నాలుగోది కూడా నేర్చుకోండి. గ్రహణం లెక్క తప్పిన రోజు విశ్వాసం కూడా తప్పిందనుకుని టెన్షన్ పడే పిల్లలను చూశాను.

పాస్టర్ గారికీ, సండే స్కూల్ టీచర్లకూ నా మనవి ఒకటే. ప్రసంగంలో సైన్సు మాట వాడే ముందు ఆ సంఘంలోనే ఉన్న సైన్సు టీచర్‌ని ఒక్కసారి అడగండి. "నాసా ఒప్పుకుంది" అన్న మాట అబద్ధమని పిల్లవాడికి ఇంటర్లో తెలిస్తే, అప్పటిదాకా మీరు చెప్పిన మిగతావన్నీ కూడా వాడు మళ్లీ తూకం వేస్తాడు.

భార్యాభర్తల్లో ఒకరు నమ్మి ఒకరు నమ్మని ఇళ్లు మన నగరంలో చాలా ఉన్నాయి. అక్కడ మూడో దారిని, ఐదో దారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదించుకోకండి. ఎంత చోటులో జరిగిందన్న ప్రశ్న ఇద్దరూ కలిసి అడగొచ్చు, దానికి విశ్వాసం ఉండాల్సిన పనిలేదు.

జబ్బుతో ఉన్నవాళ్ల కోసం వేరే చెప్పాలి. మా పెద్దమ్మ ఒక కూడికలో ఎవరో అన్న మాట విని షుగర్ మాత్రలు మానేసింది. నమ్మితే మందులెందుకన్నారట. కాలి పుండు ముదిరి, చివరికి వేలు తీసేశారు. ఆ రోజు నుంచి 2 రాజులు 20వ అధ్యాయం నేను వేరే కళ్లతో చదువుతున్నాను. నీడ వెనక్కి జరిగిన అధ్యాయమే అది. అందులోనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి, హిజ్కియా పుండు మీద వేయించాడు. ప్రార్థన, సూచన, కట్టు, మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. మీకు బాగైందని అనిపిస్తే మాత్రలు మానేముందు డాక్టర్ గారితో పరీక్ష చేయించుకోండి.

జూలైలో ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఆ రోజు నేను పేజీ తిప్పేయడం తప్పని చెప్పాను. యెహోషువ మాటలు యుద్ధంలో పుట్టిన పద్యమని నేను అనుకుంటున్నట్టు, భూమి ఆగిందని అనుకోనట్టు చెప్పాను. సమాధి ఖాళీ అయిందని మాత్రం నమ్ముతానన్నాను. తను శ్రద్ధగా విని, "మరి హిజ్కియా నీడ?" అంది. నాకింకా తేలలేదన్నాను.

రెండు వారాల తర్వాత బైబిల్‌లో వేలు పెట్టుకుని వచ్చింది. 2 దినవృత్తాంతములు 32:31. హిజ్కియా దేశంలో జరిగిన ఆశ్చర్యం గురించి తెలుసుకోవడానికి బబులోను (బాబిలోను) అధిపతులు మనుషులను పంపారని అందులో ఉంది.

"ఆంటీ, బబులోనువాళ్లు రోజూ ఆకాశం చూసి రాసుకునేవాళ్లని మీరే చెప్పారు కదా. వాళ్లే వచ్చి అడిగారంటే, అక్కడ వాళ్లకేమీ కనబడలేదనే కదా?"